మూత తియ్యని మాగాయకి ఇరవై తొమ్మిది మార్కులు

ఏడో తరగతిలో నేను వేసిన ఏనుగు బొమ్మ కింద మా డ్రాయింగు మాస్టారు "ఫర్వాలేదు" అని రాశారు. ఏది ఫర్వాలేదో రాయలేదు. తొండమా, చెవులా, తోకా? నలభై ఏళ్ళు దాటిపోయింది. మాస్టారు ఎక్కడున్నారో తెలియదు కాని, ఆ కాగితం మాత్రం దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా ఇంటి బీరువాలో, పాస్‌పోర్టుల కింద భద్రంగా ఉంది.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. మాగాయ విషయంలో నేను అతి చేశానని దోహాలో చాలామంది తెలుగువాళ్ళు అనుకుంటున్నారు. మార్కులు తక్కువ వచ్చాయని ఏడుస్తున్నానని కూడా అన్నారు. ఎవరెవరు అన్నారో నాకు గుర్తుంది. మార్కుల గురించి నాకు ఏనాడూ బాధ లేదు. నేను చేసింది ఒక మనిషి నోట్లో పెట్టుకుని, ఇదీ లోపం అని చెబితే చాలు. అది జరగలేదు. నా గొడవంతా అదే.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. భవనాలు కట్టే ఒక కంపెనీలో, సైటుకి వచ్చే సరుకు నమూనాలు పరీక్షించే పని నాది. టైలు కాని, పైపు కాని, తలుపు గడియ కాని, మొదట ఒక ముక్క నా బల్ల మీదికి రావాలి. చూసి నాలుగు అక్షరాల్లో ఒకటి వేస్తాను. ఎ అంటే ఆమోదం. బి అంటే చిన్న సవరణలతో ఆమోదం. సి అంటే సరిదిద్ది మళ్ళీ పంపు. డి అంటే వద్దు. సి వేస్తే కింద కారణం రాసి తీరాలి. "గడియ వదులుగా ఉంది" అని కాదు, ఎక్కడ వదులుగా ఉందో, ఎంత వదులుగా ఉందో రాయాలి. కారణం రాయకుండా సి వేసిన ఇంజనీరుని మా కంపెనీలో ఎవరూ లెక్కచెయ్యరు. తలుపు గడియకి ఉన్న ఆ గౌరవం నా పచ్చడికి ఉండకూడదా?

మా తెలుగువాళ్ళ సంఘం ఏటా ఎండాకాలం సెలవులకి జనం ఊళ్ళకి వెళ్ళేలోపు ఇంట్లో పెట్టిన నిల్వ పచ్చళ్ళ పోటీ పెడుతుంది. మాగాయకి ముందు ఏడాది నేను గోంగూర పంపాను. న్యాయనిర్ణేతలు రుచి చూసేలోపే ఎవరో తడి చెంచా ముంచారు. సీసా అంచున నీటి బొట్టు నా కళ్ళతో నేను చూశాను. ఆ ఏడాది చీటీ మీద "మంచి ప్రయత్నం" అని వచ్చింది. ప్రయత్నమట! నేను గోంగూర చెయ్యడానికి ప్రయత్నించలేదు, చేశాను.

అందుకని మరుసటి ఏడు మాగాయ పెట్టాలనుకున్నాను. ఆవకాయ అందరూ పెడతారు. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులు ఊరబెట్టి, ముక్కలు పిండి ఎండలో ఆరబెట్టి, ఆ ఊటనీ ఎండలో పెట్టి, మళ్ళీ ముక్కల్ని ఊటలో కలపడానికి ఓపిక కావాలి. మా అమ్మ లెక్క ప్రకారం మూడెండలు. ఒకటి తక్కువైతే బూజు పడుతుందనేది ఆవిడ.

మా మేడ మీద నీళ్ళ ట్యాంకులకీ ఏసీ డబ్బాలకీ మధ్య రెండు పళ్ళేలు పట్టే చోటుంది. దుమ్ముగాలి పడకుండా పాత తెల్లచీర కప్పాను. మొదటి రోజు సాయంత్రం మా ఆవిడ పైకి వచ్చి ఒక ముక్క పట్టుకుని విరిచింది. టప్పున విరిగింది.

"ఏమండీ, ఇంక చాలు. తీసెయ్యండి."

"ఒక్క ఎండేగా అయింది. మూడెండలు పడాలి."

"అత్తయ్యగారు చెప్పింది రాజోలు ఎండ గురించి. ఇక్కడ గోడ మీద చెయ్యి పెడితే చెయ్యి కాలుతోంది."

"మూడని ఉంటే మూడే. మధ్యలో మార్చడానికి మనమెవరం?"

"మనం తినేవాళ్ళం," అని ఆవిడ కిందికి వెళ్ళిపోయింది.

మూడో రోజుకి నాలుగు కిలోల కాయలు ఒక్క సీసాకి సరిపడా అయ్యాయి. ఊట పాకంలా దగ్గరపడింది. కారం, వేయించి కొట్టిన మెంతిపిండి వేసి, ఇంగువ పోపు పెట్టి కలిపాక వేలితో నాకాను. ఉప్పగానే ఉంది. కొత్త పచ్చడి ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది, ఊరితే సర్దుకుంటుంది. ఇది నేను కల్పించింది కాదు, ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

ఇక తడి చెంచా సంగతి. ఆఫీసులో నమూనా పరీక్షకి పంపేటప్పుడు మేం మూత చుట్టూ టేపు చుట్టి, సగం టేపు మీదా సగం సీసా మీదా పడేలా సంతకం చేస్తాం. దారిలో ఎవరు తెరిచినా సంతకం తెగిపోయి తెలిసిపోతుంది. నేను అదే చేశాను. కాకపోతే ఇంట్లో ఉన్నది కేబుళ్ళ కట్టలకి వాడే బలమైన టేపు. మూడు చుట్లు చుట్టి, రెండు చోట్ల సంతకం చేసి, తేదీ వేశాను.

పోటీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా హాల్లో జరిగింది. ఇరవై రెండు సీసాలు. న్యాయనిర్ణేత అల్ అజీజియాలో ఉండే ఒకావిడ. వాళ్ళాయన పెద్ద ఉద్యోగి. ఆవిడ చేతి వంట బాగుంటుందని అందరూ అంటారు. రుచి చూసే గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. సాయంత్రం సంచుల్లో పెట్టిన సీసాలతోపాటు చీటీలు చేతికిచ్చారు. నాది ఇది: రూపం ఏడు, వాసన ఆరు, రుచి అయిదు, ఊరిన తీరు ఆరు, మొత్తం మీద అయిదు. యాభైకి ఇరవై తొమ్మిది. కింద ఒక ముక్క: "బాగుంది. ఉప్పు కొంచెం ఎక్కువ. ఇంకా ప్రయత్నించండి."

బాగుంటే ఇంకా ఎందుకు ప్రయత్నించాలి? ప్రయత్నించాలంటే ఏది బాగుంది? కొంచెం అంటే ఎంత? కారులో ఈ మూడు ప్రశ్నలూ మా ఆవిడని అడిగాను. ఆవిడ ఏసీ పెంచింది.

కోపంతో సీసాని సంచిలోంచి తియ్యకుండానే ఫ్రిజ్ మీద పెట్టేశాను. ఎనిమిది రోజులు దానివైపు చూడలేదు. తొమ్మిదో రోజు పప్పన్నంలోకి ఏమీ లేదని మా ఆవిడ సంచి దించి, సీసా బయటికి తీసి, కాసేపు తిప్పి తిప్పి చూసి నన్ను పిలిచింది.

"ఏమండీ, దీని మూత తీసినట్టు లేదే?"

చూశాను. టేపు మూడు చుట్లూ చెక్కుచెదరలేదు. రెండు సంతకాలూ తెగలేదు. ఒక అంచున మాత్రం ఎవరో గోటితో గీకిన గుర్తు ఉంది. అంతే.

ఉప్పు ఎక్కువట! వాసనకి ఆరట! మూత మీదుగా వాసన చూశారన్నమాట. ఊరిన తీరుకి ఆరు ఎలా వేశారు, సీసాకి చెవి ఆనించా?

ఆ పచ్చడి తెరవనివ్వలేదు. అది ఇప్పుడు పచ్చడి కాదు, సాక్ష్యం. పప్పన్నం ఉత్త పప్పన్నంగానే తిన్నాం. నాలుగు వైపులా ఫోటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, మా ఆఫీసు పద్ధతిలో ఒక లోప నివేదిక రాశాను. జరగవలసింది, జరిగింది, తేడా, కోరే పరిష్కారం. పరిష్కారం దగ్గర ఒకటే వాక్యం: పచ్చడి తిని, చీటీ మళ్ళీ రాయాలి.

పావుగంటలో సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. గుంటూరు మనిషి, అందరికీ కావలసినవాడు.

"గురువుగారూ, గ్రూపులో ఆ ఫోటోలేంటండీ? పెళ్ళికూతురి ఫోటోల్లా నాలుగు వైపులా తీసి పెట్టారు."

"సంతకాలు తెగలేదు చూశారా?"

"చూశానండీ, దోహా మొత్తం చూసింది. ఇప్పుడేం కావాలి మీకు? ఒక నాలుగు మార్కులు కలిపిస్తా, వదిలెయ్యండి."

"మార్కులు కాదు. తినాలి."

"నేను తింటా గురువుగారూ, ఇంటికొచ్చి అన్నం పెట్టించుకుని మరీ తింటా."

"మీరు కాదు. చీటీ రాసినావిడ తినాలి."

అవతల ఎవరినో టీవీ తగ్గించమన్నాడు. తరవాత, "ఆవిణ్ణి అడుగుతా. కానీ మీరు కాస్త నవ్వుతూ వెళ్ళండి," అన్నాడు.

శుక్రవారం ఉదయం ఆవిడ ఇంటికి రమ్మన్నారు. నమూనా తెరిచేటప్పుడు మూడో పక్షం సాక్షి ఒకరు ఉండాలి, అది మాకు నియమం. మా సైటులో పరంజా కట్టే ముఠాకి ఫోర్మన్ ఒకతను ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి. ఊరి బయట పనివాళ్ళ క్యాంప్‌లో ఉంటాడు, శుక్రవారం కూరగాయలకి సిటీకి వస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచి కతార్‌లో ఉన్నా వాళ్ళమ్మ మాత్రం నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడనే చెబుతుందట. ఎవరి మొహం చూసీ మాట మార్చడని అతన్ని తీసుకెళ్ళాను.

కారెక్కి ఒళ్ళో సీసా పెట్టుకుని అడిగాడు. "సార్, పచ్చడి కోసం పంచాయితా?"

"పంచాయితీ కాదు. తనిఖీ."

"మా దిక్కు గిసొంటియి కల్లు కాడ అయితయి," అన్నాడు. తరవాత దారంతా టేపుని పరీక్షగా చూస్తూ కూర్చున్నాడు. "మంచిగ చుట్టిన్రు సార్. పరంజాకు గిట్ల కడితె పిడుగు వడ్డ ఊడది."

ఆవిడే తలుపు తీశారు. నేను ఊహించుకున్నట్టు కోపంగా లేరు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, సీసా వంక చూసి నవ్వేశారు.

"అన్నయ్యగారూ, నిజం చెప్పేస్తానండీ. మీ సీసా మూత రాలేదు. నేను లాగాను. కార్యదర్శిగారు లాగారు. మావారు పంటితో కూడా లాగారు, మొన్నే రూట్ కెనాల్ చేయించుకున్న మనిషి. హాల్లో కత్తెర లేదు, కత్తి లేదు, చెంచాలు తప్ప ఏమీ లేవు. ఒక పక్క ఇంకా తొమ్మిది సీసాలు మిగిలాయి."

"అయితే తెరవలేకపోయాం అని రాయాలి కదమ్మా."

"తెరవకపోతే పోటీలోంచి తీసెయ్యాలని రూలండీ. అంత కష్టపడి సంతకాలు పెట్టి మరీ పంపారు, తీసేస్తే మనసు నొచ్చుకుంటారేమోనని నడిమధ్యగా వేశాను."

"మరి ఉప్పు ఎక్కువని ఎలా రాశారు?"

ఆవిడ కాస్త ఇబ్బందిగా కప్పు కింద పెట్టారు. "నిల్వ పచ్చడికి ఉప్పు ఎక్కువంటే ఎప్పుడూ తప్పు పోదండీ. ఇరవై రెండింట్లో పదహారింటికి అదే రాశాను."

"మిగిలిన ఆరింటికో?"

"కారం ఎక్కువ."

మా ఫోర్మన్ కాఫీ పొరబోయి దగ్గాడు. నేను నవ్వలేదు. టేపు తెరవమన్నాను. ఆవిడ వంటింట్లోంచి కత్తెర తెచ్చారు. నేను సంతకాలు చెక్కుచెదరలేదని సాక్షికి చూపించి, అతను "ఉన్నయి సార్, ఉన్నయి" అన్నాక, కోశాను. ఆవిడ వేడి అన్నం, నెయ్యి తెచ్చారు. ముగ్గురం కలుపుకున్నాం.

మొదటి ముద్ద మింగాం. ఆవిడ నీళ్ళ గ్లాసు అందుకున్నారు. నేను రెండో ముద్ద కూడా తిన్నాను, మొదటిది తప్పయి ఉండొచ్చని. కాదు. అక్కడ ముక్క అనేది లేదు. చెక్కపేడు ఉంది, దానికి ఉప్పు పట్టి ఉంది. మూడెండల్లో నీరంతా ఎగిరిపోయింది, వేసిన ఉప్పు వేసినట్టే ఉండిపోయింది.

"చెప్పు," అన్నాను మా ఫోర్మన్‌తో. "సాక్షివి కదా."

"నిజం జెప్పాల్నా సార్?"

"అందుకే తీసుకొచ్చాను."

"ముక్కలల్ల ఉప్పేసిన్రా, ఉప్పుల ముక్కలేసిన్రా?"

ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు ఆపుకుని, "చూశారా అన్నయ్యగారూ, నేను రాసింది నిజమే కదా! ఉప్పు కొంచెం ఎక్కువ," అన్నారు.

"కొంచెం కాదు, చాలా ఎక్కువ. అంటే మీరు రాసింది తప్పే," అన్నాను. "ఒకవేళ నిజమే అనుకున్నా, అది మీకు తెలియకుండా నిజమైంది. మా దగ్గర తలుపు చూడకుండా వంకరగా ఉందని రాసి, అది నిజంగా వంకరగా ఉన్నా, రాసినవాడికి నోటీసు తప్పదు."

"మీతో గెలవలేనండీ," అన్నారావిడ.

గెలవడం ఎవరిక్కావాలి? నాకు కావలసింది చీటీ. కొత్త చీటీ రాసిమ్మన్నాను. ఆవిడ రాయబోతుంటే మా ఫోర్మన్ సీసాకి మూత పెట్టి తన సంచిలో వేసుకుంటున్నాడు.

"అదేంటి?"

"గిది మాకియ్యండి సార్. మీరు ఏసీల కూసోని తింటె ఉప్పనిపిస్తది. మేము పొద్దుగాల నాలుగింటికి డ్యూటీ ఎక్కి, ఎండ ముదిరి పని బందువెట్టెదాక పరంజ మీదనే ఉంటం. చెమటకు ఒళ్ళంత ఉప్పు వోతది. సేఫ్టీ ఆఫీసరు తాగుమని ఉప్పునీళ్ళ ప్యాకెట్లిస్తడు, అవ్వి ఎవ్వనికి గొంతు దిగయి. గంజిల గిదొక్క ముక్కేసుకుంటె సాలు, యల్లా, నడువుండ్రని మళ్ళ ఎక్కుడే."

ఆవిడ చీటీ సగంలోనే ఆగిపోయింది. సీసాని ఒక షరతు మీద ఇచ్చాను. తిన్న ప్రతివాడూ ఒక మాట రాయాలి. "బాగుంది" అని రాస్తే కుదరదు. ఏది బాగుందో, ఏది బాగాలేదో రాయాలి. ఆఫీసు ఖాళీ ఫారం ఒకటి బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, అది చేతిలో పెట్టాను.

పది రోజులకి ఫారం తిరిగొచ్చింది. మధ్యలో ఒక ఎర్రటి నూనె మరక. ఎనిమిది మంది రాశారు. "ముక్క నమిలితే దవడ నొస్తున్నది." "ఉప్పు మస్తున్నది, గంజిలకు మంచిగయింది." "ఇంగువ వాసన రెండో దినం తెలిసింది, మొదటి దినం తెల్వలేదు." "మెంతి ఎక్కువ కాలింది, ఆఖరుకు చేదు." "మా అక్క పెట్టే తొక్కు అంత లేదు." చివర మా ఫోర్మన్ రాత: "సీసా కడిగి పంపుతున్నం. మళ్ళెప్పుడు పెడ్తరు?"

ఆ ఫారం ఎన్నిసార్లు చదివానో చెప్పను. "మా అక్క పెట్టే తొక్కు అంత లేదు" అన్నది కూడా నాకు నొప్పి కలిగించలేదు. పోల్చడానికి అతని దగ్గర ఒక అక్క ఉంది, ఒక తొక్కు ఉంది, నోట్లో నా ముక్క ఉంది. ఒక అభిప్రాయానికి అంతకన్నా ఆధారం ఏం కావాలి? ఏనుగు కాగితం పక్కనే దాన్నీ పెట్టాను. మా ఆవిడ చూసి, "ఇంక ఆ పోటీల జోలికి వెళ్ళకండి," అంది.

ఈ ఏడు మళ్ళీ పెట్టాను. మా ఆవిడ మాట విని కాదు కాని, ఒకే ఒక్క ఎండ పెట్టాను. టేపు మాత్రం మూడు చుట్లూ చుట్టాను, సంతకాలూ చేశాను. అందులో తగ్గేది లేదు. అయితే ఈసారి సీసా మెడకి పురికొసతో ఒక చిన్న కత్తెర కట్టి పంపాను. అది చూసి కార్యదర్శి హాలు గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు.

"గురువుగారూ, మీకో దణ్ణం, మీ కత్తెరకో దణ్ణం."

న్యాయనిర్ణేత మళ్ళీ అజీజియా ఆవిడే. సాయంత్రం సీసా చేతికి రాగానే చీటీ చూడలేదు, ముందు మూత చూశాను. టేపు నీటుగా కోసి ఉంది. రెండు సంతకాలూ మధ్యకి తెగాయి. లోపల ఒక మూల చెంచా దిగిన గుంట ఉంది. పొడి చెంచా. అప్పుడు చీటీ తెరిచాను.

"ముక్క మెత్తగా, తినడానికి హాయిగా ఉంది. ఉప్పు సరిపోయింది. మెంతులు మాడాయి, మింగాక చేదు నిలుస్తోంది. సన్నని సెగ మీద వేయించండి. పోపులో నూనె ఇంకో రెండు గరిటెలు పట్టేది. మూడు ముద్దలు తిన్నాను."

మార్కులు ఇరవై నాలుగు.

కారులో మా ఆవిడ చీటీ అందుకుని చదివింది. "ఏమండీ, పోయినేడు తినకుండా ఇరవై తొమ్మిది వేశారు. తిన్నాక అయిదు తగ్గించారు."

"అవును."

"మరి ఏంటా నవ్వు?"

నేనేమీ నవ్వడం లేదని చెప్పాను. మెంతుల మాట నిజమే. ఆ రోజు వేయిస్తూ వేయిస్తూ ఆఫీసు ఫోన్ ఎత్తాను. క్యాంపువాళ్ళు నిరుడే చెప్పారు, న్యాయనిర్ణేతగారూ అదే పట్టుకున్నారు. ఇంటికి రాగానే నిరుటి లోప నివేదిక తీసి, కింద "పరిష్కరించబడింది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి మూసేశాను.

నూనె సంగతి మాత్రం ఒప్పుకోను. ఇంకో రెండు గరిటెలట! ఏ గరిటో రాయలేదు. శుక్రవారం ఆవిడ ఇంటికి వెళ్ళి మా ఇంటి గరిట చూపించి అడగాలి. మా ఫోర్మన్‌కి చెప్పాను, సాక్షిగా వస్తానన్నాడు. ఖాళీ సంచీ తెచ్చుకుంటాడట.